ఊరు పోయిన జట్టుకు చరిత్ర రాసిన పిల్లవాడు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు హిస్టరీ లెక్చరర్లు మొన్నొక ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఒకరికి గద్వాలలో, ఇంకొకరికి వనపర్తిలో పోస్టింగు. ఏ సెమినారుకు వెళితే సర్టిఫికెట్ పనికొస్తుంది, బదిలీ ఎప్పుడు అడగాలి, ఏ ప్రిన్సిపాల్‌తో ఎట్లా ఉండాలి అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. చాయ్ తాగి వెళ్ళిపోయారు. వాళ్ళ బండి వీధి మలుపు తిరిగాక నాకు తోచింది, అసలు పని గురించి వాళ్ళు ఒక్క మాటా అడగలేదు, నేనూ చెప్పలేదు అని. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కోడేరు దగ్గర పల్లె. వేరుశనగ, జొన్న, కాలం బాగుంటే పత్తి. మా ఇంట్లో ఆడపిల్ల ఎమ్మే దాకా చదవడం నాతోనే మొదలు. హిస్టరీ ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే పెద్ద కారణాలు చెప్పేదాన్ని. నిజానికి ఆ ఏడు సీటు వచ్చింది దానిలోనే. పని మీద ఇష్టం తర్వాత పుట్టింది. ముందే ఇష్టం ఉండి రావాలని ఎవరైనా అంటే మీరు దిగులు పడకండి.

గద్వాలలో నోట్సు

మొదటి పోస్టింగు గద్వాల. అక్కడ నేను చేసిందల్లా నోట్సు చెప్పడం. బోర్డు మీద హెడ్డింగు రాసి, కింద పాయింట్లు చెబుతూ పోయేదాన్ని, పిల్లలు తలెత్తకుండా రాసుకునేవారు. రాయచూరు వైపు నుంచి వచ్చే పిల్లలు కొందరు ఇంట్లో కన్నడం మాట్లాడేవారు. వాళ్ళు నా తెలుగును అర్థం చేసుకోకుండానే బట్టీ పట్టి పాసయ్యేవారు. రిజల్టు బాగుండేది. నేను మంచి లెక్చరర్ని అనుకున్నాను.

మా డిపార్ట్‌మెంటుకు అప్పట్లో పెద్దదిక్కుగా ఒక సార్ ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. తక్కువ మాట్లాడేవారు. ఒకసారి ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్ది, కట్ట నా ముందు పెట్టి అన్నారు:

"మేడం, మీ క్లాసు పేపర్లన్నీ ఒక్క చెయ్యి రాసినట్టున్నయి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మెచ్చుకుందామని అంటలేను. ఇంతమంది పిల్లలల్ల ఒక్కనికి గూడ వేరే ఆలోచన రాలేదా అని పరేషాన్ అయితున్న."

ఆ మాట రెండు మూడు రోజులు మనసులో గుచ్చుకుంది. నోట్సు మాత్రం మానలేదు. మానలేం కూడా. నోట్సు చెప్పకపోతే ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు పాస్ కారు, పాస్ కాకపోతే చదువే ఆగిపోతుంది. నోట్సు చెప్పడం చదువు చెప్పడం కాదు, కానీ నోట్సు లేకుండా మన కాలేజీల్లో గడవదు. ఈ రెండింటి మధ్య నలగడమే మన ఉద్యోగంలో పెద్ద భాగం. ఎవరైనా దీనికి తేలిక మార్గం ఉందని చెబితే, ఆయన మన పిల్లలకు పాఠం చెప్పి ఉండడు.

ఉక్రెయిన్ క్లబ్బు అన్న పిల్లవాడు

చివరి పోస్టింగు నాగర్‌కర్నూల్. డిగ్రీ ఆఖరి ఏడు పిల్లలు ఒక ప్రాజెక్టు రాయాలి. స్థానిక చరిత్ర మీద అయితే మంచిదని మేం చెబుతాం. చెప్పిన ఫలితం ఏమిటంటే, క్లాసులో సగం మంది సోమశిల గుళ్ళ మీద రాస్తారు. కృష్ణలో మునిగిపోతాయని గుళ్ళను విప్పి పైకి తెచ్చి కట్టిన కథ. మంచి విషయమే. కానీ ప్రతి ఏడూ అదే, అవే ఫొటోలు, జిరాక్సు షాపులో దొరికే అవే పేజీలు.

ఆ ఏడు ప్రాజెక్టు పేర్లు అడుగుతుంటే వెనక బెంచీలో నుంచి బయన్న లేచాడు. మన్ననూర్ దాటి అడవి లోపలి చెంచుల గూడెం వాడిది. నల్లమలలో అట్లాంటి గూడేన్ని పెంట అంటారు. బయన్న ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇక్కడ హాస్టల్లో ఉండేవాడు. క్లాసులో నోరు విప్పినట్టు నాకు గుర్తులేదు.

"ఉక్రెయిన్ దేశంల ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాస్త మేడం."

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ప్రిన్సిపాల్ సంగతి తెలిసి నన్ను పిలిచారు. "ఏంది మేడం ఇది? మన్ననూరేంది, ఉక్రెయిన్ ఏంది? పోరనికి జర సక్కగ చెప్పుండ్రి. ఎక్స్‌టర్నల్ వచ్చినోళ్ళు మనల్ని చూసి నవ్వుతరు."

ఆయన మాటలో తప్పు లేదు. నేను బయన్నను స్టాఫ్ రూముకు పిలిచి, మానిపించే ఉద్దేశంతోనే, ఎందుకని అడిగాను.

ఆశ్రమ పాఠశాలలో ఆటసామాను కింద ఫుట్‌బాల్ వచ్చిందట. క్రికెట్‌కు కిట్టు కావాలి, దీనికి ఒక్క బంతి చాలు. అట్లా అలవాటయింది. హాస్టల్లో ఫోన్‌లో మ్యాచ్‌లు చూసేవాడు. యుద్ధం మొదలైన తర్వాత ఒక మ్యాచ్ కంటపడింది. స్టాండ్లు దాదాపు ఖాళీ. సొంత గ్రౌండులో ఆడుతున్న జట్టు అని కింద రాసి ఉంది, కానీ ఆ గ్రౌండు వాళ్ళ ఊరిది కాదు.

"వాళ్ళ ఊరి మీద బాంబులు పడినయి మేడం. గ్రౌండు పోయింది. వేరే ఊర్ల, చాలా దూరంల ఆడుతున్నరు. కానీ పేరు వాళ్ళ ఊరిదే. మైకుల గూడ వాళ్ళ ఊరి పేరే చెప్తున్నరు." తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మా పెంటను గూడ బయటికి తీస్కపోతమంటున్నరు. పులుల అడవి కదా. పోవాల్నా ఉండాల్నా అని మావోళ్ళు ఏడాది సంది మాట్లాడుకుంటున్నరు. ఊరు మారినంక ఊరు ఉంటదా లేదా అని నాకు తెల్సుకోవాలె. మన దగ్గరి పుస్తకాలల్ల చూసిన, అది ఎవరూ రాయలె."

ఫారం మీద సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్‌కు నేనే జవాబు చెప్పుకుంటానన్నాను.

ఆ క్లబ్బు పేరు నేనిక్కడ రాయడం లేదు. ఏ పేరు రాసినా తప్పని అనేవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారని తర్వాత తెలిసింది.

ఇప్పపూలు రాలే కాలం

మొదటి విడత పేజీలు తెచ్చాడు. నేను ఊహించినట్టే ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికింది ఫోన్‌తో అనువాదం చేయించి వరసగా పెట్టాడు. క్లబ్బు ఫలానా ఏడు స్థాపించబడింది. ఫలానా కప్పు గెలుచుకుంది. ఫలానా ఆటగాడు గొప్పవాడు.

"ఈ స్థాపించిన ఏడు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాను.

"సైట్ల ఉంది మేడం."

"సైటు ఎవరిది?"

"క్లబ్బుదే."

"మరి క్లబ్బుకు ఎట్ల తెల్సు?"

వాడికి ప్రశ్న అర్థం కాలేదు. "నువ్వు పుట్టిన తేదీ నీకెట్ల తెల్సు?" అన్నాను.

అప్పుడు వాడి ముఖం మారింది. "స్కూల్ల జూన్ అని రాసిండ్రు మేడం. చేర్చుకునేటప్పుడు అందరికీ జూనే రాసిండ్రు. మా అమ్మేమో ఇప్పపూలు రాలేటప్పుడు పుట్టినవంటది." ఇప్పపూలు రాలేది ఎండాకాలం మొదట్లో. జూనుకు అక్కడ ఒక్క పువ్వూ ఉండదు.

"రెండింటిల ఏది నిజం?"

"అమ్మ చెప్పిందే."

"మరి సర్టిఫికెట్ అబద్ధమా?"

"అబద్ధం కాదు మేడం. అది స్కూలుకు నేను పుట్టిన రోజు."

నా సర్వీసులో ఒక విద్యార్థి నోట విన్న మంచి జవాబుల్లో అదొకటి. నేను నేర్పింది కాదు. నేను చేసిందల్లా ఇంకో ప్రశ్న అడగడం. "అయితే ఆ క్లబ్బు పుట్టినప్పుడు పక్కన ఉన్న అమ్మ ఎవరో వెతుకు," అన్నాను.

పిల్లలకు మూలాధారాల పాఠం చెప్పేటప్పుడు శాసనాలు, నాణేలు, విదేశీ యాత్రికుల రాతలు అని బోర్డు మీద రాస్తాం. అది చెప్పండి, పరీక్షలో వస్తుంది. కానీ పాఠం తలకెక్కాలంటే వాళ్ళ సొంత సర్టిఫికెట్ దగ్గర మొదలుపెట్టండి.

షాహీన్

ఉక్రెయిన్‌లో ఆ ఊళ్ళో ఉన్న అమ్మను నాగర్‌కర్నూల్లో ఎక్కడ వెతుకుతాం? కానీ మనవాళ్ళు వెళ్ళని చోటు లేదు. వనపర్తిలో చెప్పుల దుకాణం నడిపే రహీం భాయ్ కూతురు షాహీన్ అక్కడే డాక్టరు చదువుతూ యుద్ధం వచ్చి తిరిగొచ్చిందని మా అటెండరు చెప్పాడు. ఏ ఊరని కనుక్కుంటే, సరిగ్గా ఆ ఊరే.

ఒక రోజు బయన్నను వెంటబెట్టుకుని వనపర్తి బస్సెక్కాను. దుకాణం దగ్గరే రహీం భాయ్ మమ్మల్ని కూర్చోబెట్టాడు. మర్యాదగా మాట్లాడాడు కానీ మనిషి నిండా బెంగ.

"మేడం, బిడ్డ వచ్చిన కాడికెల్లి ఆ ముచ్చట ఎత్తితే లేచి లోపలికి పోతది. పేపరోళ్ళు వచ్చిండ్రు, టీవీవోళ్ళు వచ్చిండ్రు. బాంబులు పడుతుంటె ఎట్లనిపించింది అని అడిగిండ్రు. ఆనాటి సంది బయటికి రావుడే బంజేసింది. చదువు నడిమిట్ల ఆగింది. జర చూసి అడుగుండ్రి."

ఇంటికి తీసుకెళ్ళాడు. షాహీన్ వచ్చి కూర్చుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అడిగేది అడిగి వెళ్ళిపోండి అన్నట్టు చూస్తోంది. నేను నోరు తెరవబోయాను. ఏం అడగబోయానో ఇప్పుడు తలచుకుంటే, ఆ టీవీవాళ్ళకంటే పెద్ద తేడా లేదు. అంతలో బయన్న అడిగాడు.

"అక్కా, ఆ గ్రౌండుకు మీరు ఏ దిక్కునుంచి పోతుంటిరి?"

షాహీన్ తలెత్తింది. "గ్రౌండుకా?"

"ఆఁ. ఫుట్‌బాల్ గ్రౌండు."

"మా హాస్టల్ నుంచి కాదు. సెకండ్ ఇయర్‌లో రూము తీసుకున్నం. ఆ ఇంటి వెనకనే." ఆమె చేత్తో గాలిలో దారి గీసింది. "ఫ్యాక్టరీ గోడ ఉంటది. గోడ ఎంబడే పోతే ట్రామ్ పట్టాలు. పట్టాలు దాటితే గేటు. గేటు కాడ పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతరు. మ్యాచ్ అయినంక మెట్లన్నీ పొట్టే."

"పొద్దుతిరుగుడు మనకాడ గూడ ఏస్తరు," అన్నాడు బయన్న. "కానీ నూనెకే."

"వాళ్ళు తింటరు. పొద్దుమూకులు తింటనే ఉంటరు," అని షాహీన్ నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడ్డ రహీం భాయ్ అట్లాగే కూతురి వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాత మేం అడగనక్కర లేకపోయింది. ఆమె ఉన్న ఇంటి యజమానురాలు ఒక ముసలావిడ. ఒకప్పుడు ఆ గోడ లోపలి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలోనే పనిచేసింది. భర్త పోయాడు. ప్రతి మ్యాచ్‌కూ వెళ్ళేది. ఈ పిల్లను కూడా లాక్కుపోయేది. చలికి దుప్పటి కప్పి, పక్కన కూర్చోబెట్టుకుని క్లబ్బు కథ చెప్పేది. అది షాహీన్ మాకు చెప్పింది. నేను క్లుప్తంగా రాస్తాను.

సైటులో ఉన్న స్థాపన సంవత్సరానికి ముందే అక్కడ జట్టు ఉంది. ఫ్యాక్టరీ షెడ్డు వెనక పనివాళ్ళు ఆడేవారు, ముసలావిడ పెద్ద బావగారు అందులో గోలీ, అంటే గోలు కాపలా కాసేవాడు. తర్వాత పైనుంచి ఆర్డరు వచ్చింది, జట్టు ఒక క్రీడాసంఘం కిందికి పోయి పేరు మారింది. సైటులో రాసిన ఏడు అది. సోవియట్ దేశం విడిపోయాక ఇంకో పేరు. ఆ తర్వాత ఒక ధనవంతుడు కొన్నాడు. కొత్త పేరు, కొత్త గుర్తు, కొత్త రంగు. పెద్ద లీగుకు ఎక్కారు. విదేశీ ఆటగాళ్ళు వచ్చారు. కొన్నేళ్ళకు ఆయనకు మోజు తీరింది. క్లబ్బు మూతపడింది, లీగులో దాని స్థానాన్ని ఇంకో ఊరి జట్టుకు ఇచ్చేశారు. అప్పుడు అభిమానులే పూనుకుని, పాత పేరుతో, పాత రంగులతో, అట్టడుగు లీగునుంచి మళ్ళీ మొదలుపెట్టారు. చిన్నగా పైకొచ్చారు. అప్పుడే యుద్ధం.

"ఇన్ని పేర్లు మారినయి కదా, ఆమె ఏమని పిలుస్తుండె?" అని నేను అడిగాను.

"ఏ పేరు లేదు మేడం. 'మనోళ్ళు' అంటుండె, అంతే. మనోళ్ళు గెలిచిండ్రు, మనోళ్ళు ఓడిండ్రు."

వచ్చేటప్పుడు రహీం భాయ్ బస్టాండు దాకా వచ్చాడు. బయన్నకు ఒక జత బూట్లు పెట్టిన డబ్బా ఇచ్చాడు. వాడు వద్దన్నాడు. "ఆడుకో బేటా," అన్నాడు ఆయన.

మేం వెళ్ళినందువల్లే షాహీన్ కోలుకుందని నేను చెప్పను. ఆ పిల్ల తన పాట్లు తాను పడింది. తర్వాత ఏడు వేరే దేశంలో సీటు సంపాదించి చదువు పూర్తిచేసింది, ఇప్పుడు ఇక్కడ ప్రాక్టీసు కోసం రాయాల్సిన పరీక్షకు తయారవుతోంది. నేను నేర్చుకున్నది వేరు. దెబ్బ తిన్న మనిషిని దెబ్బ గురించి అడగకూడదు, దారి గురించి అడగాలి. ఈ సంగతి ఏ పరిశోధనా పద్ధతుల పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఏది అసలు క్లబ్బు

రెండో విడత పేజీలు వేరే మనిషి రాసినట్టున్నాయి. పుట్టిన ఏడు గురించి సైటు మాట, ముసలావిడ మాట పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది ఎందుకు ముఖ్యమో రాశాడు. మూతపడిన ఏళ్ళను సైటు దాటేసిందని పట్టుకున్నాడు. చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. పేరు మారింది, యజమాని మారాడు, ఒకసారి చచ్చి మళ్ళీ పుట్టింది, ఇప్పుడు ఊరు కూడా మారింది. ఇక అదే క్లబ్బు ఎట్లా అవుతుంది?

వాడు ఏం రాస్తాడో నేను ముందే అనుకున్నాను. క్లబ్బంటే మనుషులు, మనుషులున్నంత కాలం క్లబ్బు ఉంటుంది అని. చదవడానికి బాగుంటుంది, ఎక్స్‌టర్నల్‌కు నచ్చుతుంది. నేనే ఒక మాట అందించాను కూడా. వాడు తల అడ్డంగా ఊపాడు.

"గట్ల రాస్తే పోయినయన్నీ దాచిపెట్టినట్టు అయితది మేడం. ఆ గడ్డి పోయింది. ఫ్యాక్టరీ గోడ ఎంబడి నడిచే తొవ్వ పోయింది. గింజలమ్మేటోళ్ళు యాడున్నరో తెల్వదు. క్లబ్బు బతికే ఉంది, అది నిజం. శానా పోయింది, అది గూడ నిజమే. ఒకటే రాసి ఒకటి ఇడ్సిపెడితే అది సైటు రాసినట్టే కదా."

నేను సిగ్గుపడలేదు, సంతోషపడ్డాను. పిల్లవాడు మన మాట కాదన్న రోజే మనం చెప్పిన పాఠం వాడికి అంటిందని లెక్క. చిన్నబుచ్చుకునే లెక్చరర్లను చూశాను. వాళ్ళ దగ్గర పిల్లలు నోట్సే నేర్చుకుంటారు.

పెంటలో మీటింగు

ప్రాజెక్టు ఇవ్వడానికి కొద్ది రోజుల ముందు బయన్న వచ్చాడు. పెంటలో మీటింగు ఉంది, రమ్మన్నాడు. "మీరేం మాట్లాడొద్దు మేడం. ఊకె కూసోండ్రి."

మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాయించుకుని, జీపులో లోపలికి వెళ్ళాం. ఉదయం ఇంకా చల్లగానే ఉంది. బయన్న నాయన లింగయ్య, తల్లి, ఇద్దరు చిన్నాయనలు, వాళ్ళందరికీ పెద్దగా అవ్వ. ఆమె గుడిసె ముందు రాయి మీద కూర్చుని గడ్డలు ఒలుస్తోంది. ఫారెస్టువాళ్ళు రావడానికి ఇంకా సమయం ఉందని, బయన్న తన ప్రాజెక్టు తీసి అవ్వకు చదివి వినిపించాడు. చదవడం అంటే చదవడం కాదు, వాళ్ళ మాటల్లోకి మార్చి చెప్పడం. చుట్టూ నలుగురూ చేరారు. గోలీ అంటే ఎవరు, లీగు అంటే ఏంది అని అడిగారు. క్లబ్బు మూతపడినప్పుడు లింగయ్య "అయ్యో" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టారంటే ఒక చిన్నాయన తొడ మీద చరిచాడు.

అవ్వ అంతా విని ఒకటే అడిగింది.

"ఆ ముసలామె ఇప్పుడు యాడ ఉంది?"

"ఆ టీము ఆడే ఊరికే పోయింది అవ్వా. ఎవరో చుట్టాలున్నరంట."

"ఆటకు పోతదా?"

"పోతదంట."

"యాడ కూసుంటది?"

బయన్న నా వంక చూశాడు. మాకు తెలియదు. షాహీన్‌ను అడిగే ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఫారెస్టు ఆఫీసర్ మధ్యాహ్నానికి వచ్చాడు. వయసులో ఉన్నవాడు, మర్యాదస్తుడు. బలవంతం ఏమీ లేదని, ఇష్టమైనవాళ్ళే రాసివ్వవచ్చని చెప్పాడు. బయట ఇళ్ళు, భూమి, బడి, దవాఖాన గురించి వివరించాడు. చివర అన్నాడు, "మీ పెంట పేరే కొత్త కాలనీకి పెడతాం. పేరు ఎక్కడికీ పోదు."

అప్పుడు బయన్న లేచాడు. వాడు వద్దంటాడని నేను అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు.

"నేను పోదామంటున్న," అన్నాడు. "మా చెల్లెకు జ్వరం వచ్చినప్పుడు నాయన ఎత్తుకోని నడిచిండు. దవాఖానకు అందుకోలేదు. మీకందరికీ తెల్సు. నా పిల్లలకు గట్ల కావొద్దు." లింగయ్య తల వంచుకున్నాడు. బయన్న ఆఫీసర్ వైపు తిరిగాడు. "కానీ సార్, మాకేం ఇస్తరో అన్నీ కాయితం మీద రాసిండ్రు. మా నుంచి ఏం పోతదో ఒక్కటి గూడ లేదు. అది గూడ రాయుండ్రి."

ఆఫీసర్ కాగితం తిప్పి చూశాడు. "దానికి కాలమ్ లేదు తమ్ముడూ."

"కాలమ్ లేకుంటే కింద రాయుండ్రి సార్."

ఆఫీసర్ పక్కనున్న గుమస్తా వైపు చూశాడు, తర్వాత తనే పెన్ను తీశాడు. "చెప్పండి," అన్నాడు.

మొదట లింగయ్య మెల్లగా అన్నాడు, "మా బిడ్డను మట్టిల పెట్టిన జాగ." ఆయన రాశాడు. ఒక చిన్నాయన తేనె తీసే కొండచరియ పేరు చెప్పాడు. ఎవరో ఊట పేరు, ఎవరో దేవర రాయి, ఎవరో ఫలానా మారేడు చెట్టు. ఆడవాళ్ళు అందుకున్నారు. మందాకు దొరికే వాగు ఒడ్డు. కాన్పులు చేసిన గుడిసె. ఒకరు చెబుతుంటే ఇంకొకరు, కాదు అది ఇటువైపు అని సరిదిద్దేవారు. ఆఫీసర్ కాగితం వెనక్కి తిప్పాడు, అది నిండితే ఇంకొకటి తీసుకున్నాడు. ఆ పేర్లలో చాలావాటిని ఏ మ్యాపులోనూ నేను చూడలేదు. దేవర రాయి దగ్గరికి ఏడాదికోసారి రానివ్వాలని కూడా రాయించారు. ఆ మాట తన చేతిలో లేదని, పైకి పంపుతానని ఆఫీసర్ నిజాయితీగానే చెప్పాడు.

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. అంత మంచి క్లాసు నేనెప్పుడూ జరపలేదు. అక్కడ నేను ఊరికే కూర్చున్నాను.

కొన్ని కుటుంబాలు వెళ్ళడానికి రాసిచ్చాయి, లింగయ్య కుటుంబం అందులో ఉంది. కొన్ని ఇవ్వలేదు. అవ్వ చిన్న కొడుకుతో అక్కడే ఉంటానంది. బయన్న ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు బతిమాలాడు.

"నువ్వు పోవాలె కొడకా," అంది ఆమె. "నేను ఉండాలె. గింత దానికి ఏడుస్తరా?"

తిరుగు దారిలో బయన్న మన్ననూర్ దగ్గర ఫోన్‌కు సిగ్నల్ అందగానే అవ్వ అడిగిన ప్రశ్నే షాహీన్‌కు మెసేజ్ పెట్టాడు. రెండు రోజులకు జవాబొచ్చింది. షాహీన్ ముసలావిడనే అడిగి రాసింది. అక్కడ కుర్చీలు ఖాళీగానే ఉంటాయట, రమ్మని పిలుస్తారట కూడా. ఆమె కూర్చోదు. కమ్మీ పట్టుకుని ఆట అయ్యేదాకా నిలబడుతుంది. "కూర్చుంటే ఇక ఇక్కడిదాన్నే అయిపోతాను," అందట.

ఆ మాట బయన్న ప్రాజెక్టు చివరి పేజీలో చివరి వాక్యంగా పెట్టాడు. దానికి వ్యాఖ్యానం ఏమీ రాయలేదు.

మార్కుల సంగతి

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పేజీలు తిప్పి, ఇందులో స్థానిక చరిత్ర ఏది అని అడిగారు. బయన్న చెప్పడానికి ప్రయత్నించాడు. ఆయనకు వేరే కాలేజీకి వెళ్ళాల్సిన తొందర ఉంది. మామూలు మార్కులు వేశారు. సోమశిల గుళ్ళ మీద జిరాక్సు తెచ్చిన అమ్మాయికి అంతకంటే ఎక్కువ వచ్చాయి. ప్రిన్సిపాల్ నన్ను చూసి, నేను ముందే చెప్పాను కదా అన్నట్టు చేతులు తిప్పారు. నేను వాదించలేదు. మన పనిలో మంచిది జరిగినప్పుడు దానికి మార్కులు పడతాయని ఎదురుచూడకండి. పడితే సంతోషం. పడకపోతే ఆ మంచి జరగలేదని మాత్రం అనుకోకండి.

బయన్న ఎమ్మే చేశాడు. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాడు. సెలవుల్లో కొన్నాళ్ళు కాలనీలో నాయన దగ్గర, కొన్నాళ్ళు లోపల అవ్వ దగ్గర ఉంటాడు. రెండు చోట్లనూ జనం ఆ పెంట పేరుతోనే పిలుస్తారు.

పోయిన నెల ఫోన్ చేశాడు. కాలనీవాళ్ళు, లోపలివాళ్ళు కలిసి కూర్చుని, తమ పెంట చరిత్ర రాయమని వాడికే అప్పగించారట. పేజీలు ముందు పెట్టుకుని వారం రోజులుగా కూర్చున్నాడట, మొదటి మాట పడటం లేదట.

"ఎట్ల మొదలుపెట్టాలె మేడం?"

ఇన్నేళ్ళ సర్వీసు అలవాటు. నాలుక చివర వరకూ నాలుగైదు వాక్యాలు వచ్చాయి, అన్నీ బాగున్నవే. మింగేశాను.

"నాకు తెల్వదు బయన్నా," అన్నాను. "నేను ఆ పెంటల పుట్టలె. నువ్వు రాసి తీస్కరా. నేను చదువుత."